గేటు కాడి హోటల్‌కు ఆఖరి ర్యాంకు

చెడ్డ మాటల పట్టిక ఒకటి తయారు చేసుకుని రమ్మని మా సారు చెప్పినప్పుడు నేను లైబ్రరీకి పోలేదు, మా బాపు హోటల్‌కు పోయాను. గల్లాపెట్టె పక్కన స్టూలు వేసుకుని ఒక పూట కూర్చున్నాను. నాకు కావలసినవన్నీ దొరికాయి, ఇంకా మిగిలాయి కూడా.

హోటల్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఆర్మూర్ మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా ఒక సేటు అద్దెకిచ్చిన రేకుల దుకాణం, మా మాటల్లో మడిగె. ముందర పొయ్యి, లోపల బల్లలు. పొద్దున ఉప్మా, పగలు మిర్చీ బజ్జీలు, ఎప్పుడూ చాయ్. బోర్డు లేదు. గేటు కాడి హోటల్ అంటే బాల్కొండ నుంచి మాక్లూర్ దాకా పసుపు పండించే ప్రతివాడికీ తెలుసు. చలి తగ్గిన దగ్గర నుంచి ఎండ ముదిరే దాకా పసుపు సీజన్. అప్పుడు ట్రాక్టర్లు గేటు ముందు వరుస కట్టేవి. రైతులు, మూటలు మోసే హమాలీలు, కొమ్ములు ఏరే ఆడవాళ్లు ఒళ్లంతా పచ్చగా వచ్చి మా బల్లల మీద కూర్చునేవాళ్లు. మా గ్లాసులు ఎంత తోమినా అంచున పసుపు మరక పోయేది కాదు. అమ్మ దాన్ని శుభమనేది. బాపు బద్ధకమనేవాడు.

వచ్చినవాళ్లందరినీ బాపు తిట్టేవాడు. సరిగ్గా ఎండని పసుపు తెచ్చిన రైతును చూస్తే చాలు, "నీ లెక్కనే ఉన్నదిర నీ పసుపు, లోపల పచ్చిపచ్చిగ. ఇంకో నాల్గొద్దులు ఎండబెడితె నీ సొమ్మేం పోతుండెర కొంపముంచెటోడా?" అని మొదలుపెట్టేవాడు. చాయ్ మీద చాయ్ అడిగినవాడికి గ్లాసు ఇవ్వకపోగా "పేగులు కాలి సస్తవ్. ఇంటికి పోయి బువ్వ తినుపోర గాడిది కొడుక" అని పంపించేసేవాడు. వ్యాపారం చేసేవాడు వచ్చిన బేరాన్ని వెనక్కి పంపడం నేను మా హోటల్‌లోనే చూశాను. తాగి వచ్చిన హమాలీని "సిగ్గున్నదార నీకు? పెండ్లాం ఎండల ఏరబట్టె, నువ్వు నీడల తాగబడ్తివి" అని అందరి ముందరా కడిగేవాడు. వాడు తల వంచుకుని మిర్చీ తినేవాడు, తెల్లారి మళ్లీ వచ్చేవాడు.

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవని అమ్మ అనేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని కూడా అనేది, అన్న వెంటనే చెంపలు వేసుకునేది. నాకు బాపు నోరే వచ్చింది. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన రోజు ఆయన నన్ను మెచ్చుకున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. "ఇగ కండ్లు నెత్తికెక్కుతయి దీనికి, దొంగసచ్చిందానికి" అని గేటు దగ్గరున్న ప్రతివాడికీ మిర్చీ పంచిపెట్టాడు.

ఈ ముచ్చట నాటికి నేను ఎంసీఏ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటి ఓ ఏడెనిమిదేళ్లయిన రోజులు. ప్రాజెక్టుకు మా గైడ్ సారు ఇచ్చిన అంశం అప్పటికి చాలా కొత్తది. జనం ఇంటర్నెట్‌లో తమకు తోచినట్టు రాసుకునే రాతల్ని ప్రోగ్రాం చేత చదివించి, ఏ ఊళ్లో ఎక్కడ తినాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడికి పోకపోతే మంచిదో చెప్పించాలి. ఇప్పుడు ఈ పని ప్రతి ఫోనూ చేస్తోంది. అప్పుడు మాత్రం క్లాసులో అందరూ లైబ్రరీ పుస్తకాలకు, దవాఖాన చీటీలకు లెక్కలు రాసే ప్రోగ్రాంలు చేసుకుంటుంటే నాకొక్కదానికే ఇది తగిలింది. సారు హైదరాబాద్ తీసుకొమ్మన్నారు. నేను ఆర్మూర్ తీసుకుంటానన్నాను.

"ఆర్మూర్‌లో ఏముందమ్మా రికమెండ్ చేయడానికి?" అన్నారు.

ఆ మాటకు నాకు మండిపోయింది. ఆ మంటతోనే సగం ప్రాజెక్టు పూర్తయింది.

ఆ రోజుల్లో మా వయసు వాళ్లంతా పొద్దస్తమానం పడి ఉండే సైటు ఒకటి ఉండేది. ఒకరి పేజీలో ఒకరు రాసుకోవడం, ఊరి పేరుతోనో కాలేజీ పేరుతోనో గుంపులు కట్టడం. ఇప్పుడది మూతపడింది. అందులో ఆర్మూర్ పేరుతోనూ ఒక గుంపు ఉండేది. నేను చేరి చూస్తే, ఆర్మూర్‌లో ఉన్నవాళ్లు అందులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతా అందరూ దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ. బాల్కొండ, ఏర్గట్ల, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనికి పోయిన మగపిల్లలు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు తమ క్యాంపు దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చుని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు. ఏ బండి మీద మిర్చీ బాగుంటుంది, ఏ టాకీసులో ఏ వరుస సీట్లు విరిగి ఉంటాయి, గుట్ట మీద ఏ బండ నీడన కూర్చుంటే గాలి తగులుతుంది, అన్నీ వాళ్లే రాసేవాళ్లు. దూరపు కొండలు నునుపంటారు. ఆర్మూర్ గుట్టలు దగ్గర నుంచి చూసినా దూరం నుంచి చూసినా గరుకే, కానీ వాళ్లకు అవీ నునుపుగానే కనబడేవి.

నేను శుక్రవారం శుక్రవారం బస్టాండు వెనక నెట్ సెంటర్‌కు పోయి ఆ రాతలన్నీ కాపీ చేసుకునేదాన్ని. ఆడపిల్ల ఒక్కతే అక్కడికి రావడం అప్పట్లో వింత. కర్టెన్ల వెనక కూర్చున్న పోరలు నన్ను చూసి గొంతులు సవరించుకునేవాళ్లు. నేను అందరికీ కనబడేలా వాకిలి దగ్గరి కంప్యూటర్ ముందే కూర్చునేదాన్ని. ఎవడైనా ఎక్కువ చేస్తే బాపు మాటలు నాకు ఉండనే ఉన్నాయి. ఒకడి మీద ఒకసారి వాడాను కూడా. ఆ తర్వాత ఎవరికీ గొంతులో గరగర రాలేదు.

ప్రోగ్రాం తీరు సులువే. మంచి మాటలకు ఒక పట్టిక, చెడ్డ మాటలకు ఒక పట్టిక. ఒక చోటు పేరున్న రాతలో మస్తు, జబర్దస్త్, కమ్మగ లాంటి మాట ఉంటే ఆ చోటుకు మార్కు కలుస్తుంది. చెడ్డ మాట ఉంటే మార్కు పోతుంది. చివరికి ఎక్కువ మార్కులు మిగిలిన చోటును ముందు చూపిస్తుంది. మంచి మాటలు క్లాసంతా కలిసి చెప్పారు. చెడ్డ మాటల దగ్గరికి వచ్చేసరికి అందరూ పెద్దమనుషులైపోయారు. అందుకే నేను బాపు పక్కన స్టూలు వేసుకున్నది. గాడిది కొడుకు, కొంపముంచెటోడు, బేకార్, సన్నాసి, సిగ్గులేనోడు, దొంగసచ్చినోడు. ఆయన వచ్చినవాడిని వచ్చినట్టు తిట్టుకుంటూ పోతుంటే నేను రాసుకుంటూ పోయాను. మధ్యలో నా వైపు తిరిగి "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"సదువు బాపు" అన్నాను.

ఆయన సంతోషపడి ఇంకా గట్టిగా తిట్టాడు.

ఆ ఏడు మా ఇంట్లో ఒక మాట నలుగుతూ ఉండేది. గిరాకీ తగ్గింది. సీజన్‌లో కూడా సాయంత్రం బల్లలు ఖాళీగా ఉంటున్నాయి. సీజన్ అయిపోయేలోగా సంగతేదో చెప్పమని మడిగె సేటు కబురు పెట్టాడు. ఉంటే ఉండు, లేకుంటే సెల్‌ఫోన్ల దుకాణం వాళ్లు అడుగుతున్నారన్నాడు. అమ్మ వదిలేయమనేది. బాపుకు బీపీ, పొద్దస్తమానం పొయ్యి సెగ. బాపుకు మాత్రం వదలాలని లేదు. కానీ ఆయన్ను లోపల తొలుస్తున్నది మడిగె కూడా కాదు. వచ్చే మనుషులు ఎందుకు రాకుండా పోయారన్నది.

ఒక రోజు అన్నం తింటూ అడిగాడు. "నా నోటికి జడిసి పోయిండ్రంటవా?"

ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

"నీ కంప్యూటర్ల జనం హోటళ్ల గురించి రాస్తరంటివి గద. నా గురించి ఏం రాసిండ్రో చూసి చెప్పు. వేరే తకలీఫ్ ఏదన్న ఉంటే సక్కవెట్టుకుంట. నా నోటి వల్లనే పోయిండ్రంటే మాత్రం మడిగె ఇడిసిపెడ్త. జనం వద్దనంగ పొయ్యి ముట్టిచ్చుడెందుకు?"

అంత పెద్ద సంగతి నా ప్రాజెక్టు మీద పెట్టాడు. నాకు గర్వంగానే అనిపించింది.

కాలేజీ ల్యాబ్‌లో ప్రోగ్రాం నడిపాను. బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన ఒక బేకరీ మొదట వచ్చింది. దాని ఓనర్ కొడుకు రకరకాల పేర్లతో గుంపులో చేరి తన బేకరీని తానే పొగుడుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ కింద మిర్చీ బండి, టాకీసు, ఐస్‌క్రీం దుకాణం. మా హోటల్ ఎక్కడా కనబడక కిందికి పోయాను, ఇంకా కిందికి పోయాను. గేటు కాడి హోటల్ అట్టడుగున ఉంది. మురికి కాలువ పక్కనున్న పాన్‌డబ్బా కూడా మాకంటే పైనే ఉంది. ఏదో తప్పు చేశాననుకుని మళ్లీ నడిపాను. మళ్లీ అదే వచ్చింది. నిజానికి అన్ని చోట్లకంటే మా హోటల్ పేరే ఎక్కువ రాతల్లో ఉంది. వాటిలో చెడ్డ మాటలూ అన్నిటికంటే ఎక్కువే ఉన్నాయి.

ఆ రాతల్ని ఒక్కొక్కటిగా చదివి చూడాలని నాకు తోచలేదు. మనిషి చదవకుండా ఉండటానికే గదా ప్రోగ్రాం.

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. బెల్లం పూసి చెప్పడం మా ఇంట్లో ఎవరికీ రాదు. "ఆఖరుకు వచ్చింది బాపు. తిట్ల వల్లనే."

అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది. "మస్తు మంది రాసిండ్రా?"

"మస్తు మంది."

తల ఊపాడు. మజ్జిగ పోయించుకుని తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

తెల్లారి నుంచి బాపు మర్యాదస్తుడైపోయాడు. సీజన్ ముగిసే దాకా చూద్దామనుకున్నాడో, పోయేముందు మంచి పేరు తెచ్చుకుందామనుకున్నాడో నాకు చెప్పలేదు. "రాండ్రి, కూసోండ్రి" అంటాడు. "ఇంకో చాయ్ కావాల్నా అండి?" అంటాడు. ఆ 'అండి' ఎక్కడ నేర్చుకున్నాడో దేవుడికే తెలియాలి. పచ్చి పసుపు తెచ్చిన రైతుతో "మంచిగున్నదండి" అన్నాడు. అడిగినవాడికి అడిగినన్ని చాయ్‌లు పోశాడు. తాగి వచ్చిన హమాలీకి నోరు మెదపకుండా మిర్చీల ప్లేటు ఇచ్చాడు.

ఆ హమాలీ ప్లేటు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత మడిగె వెనక గ్లాసులు కడుగుతున్న నా దగ్గరికి వచ్చాడు. "చెల్లె, కాకా నా మీద నారాజైండా?" అన్నాడు.

"లేదన్నా, ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"మరి కొత్తోళ్లకు చెప్పినట్టు రాండ్రి కూసోండ్రి అంటుండేంది? తాగొచ్చిన. కండ్లార చూసిండు. ఒక్క మాట అనలే. నేనేం తప్పు జేసిన చెల్లె?"

అప్పుడు గుర్తుకొచ్చింది. బాపు కొత్తవాళ్లను ఎన్నడూ తిట్టలేదు. పెద్ద రోడ్డు మీద పోతూ కారు ఆపినవాళ్లను "మీరు" అనేవాడు, బల్ల తుడిచి కూర్చోబెట్టేవాడు. ఇంకోసారి వస్తే "నువ్వు" అనేవాడు. రాకపోకలు అలవాటయ్యాక ఏదో ఒక రోజు తిట్టేవాడు. ఆ రోజు నుంచి వాడు మా హోటల్ మనిషి. ఇప్పుడు అందరినీ ఒకేసారి మళ్లీ కొత్తవాళ్లను చేసేశాడు.

యార్డులో గుసగుసలు మొదలయ్యాయి. కొమ్ములు ఏరే ఆడవాళ్లలో చర్చికి పోయే ఒక పెద్దామె నన్ను పక్కకు పిలిచి "అన్నకు తబియత్ ఖరాబున్నదా బిడ్డా? డాక్టర్ ఏమన్న చెప్పిండా? దాయకు. ఆదివారం ప్రార్థన చేపిస్త" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మాక్లూర్ రైతు ఒకాయన బాపు మెడ వైపు వంగి వంగి చూసి "హనుమాన్ మాల ఏసినవా కాకా? మెడల కనవడ్తలేదు" అన్నాడు. బాపు నవ్వి "లేదండి" అన్నాడు. ఆ 'అండి' విని ఆ పెద్దమనిషి చాయ్ సగంలో వదిలేసి పోయాడు. ఇంకొకడైతే బయటికి పోతూ పోతూ, సావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టుంది అన్నాడు. కొద్ది రోజుల్లోనే బల్లలు ఇంకా ఖాళీ అయ్యాయి. బాపు ఆ ఖాళీ బల్లల్ని చూసుకుంటూ, నా లెక్కే నిజమని నమ్ముకుంటూ కూర్చునేవాడు.

హమాలీ మాట నన్ను వదల్లేదు. తిట్టు తినలేదని ఒక మనిషి బాధపడటానికి నా పట్టికల్లో చోటు లేదు. ఆ శుక్రవారం నెట్ సెంటర్‌లో కూర్చుని మా హోటల్ పేరున్న రాతల్ని ఒక్కొక్కటీ నా కళ్లతో చదివాను.

బాల్కొండ పిల్లవాడొకడు దుబాయి నుంచి రాశాడు. "వీసా వచ్చిందని చెప్పిన్నాడు గేటు కాడి కాకా నా చేతులకెల్లి గ్లాసు గుంజుకున్నడు. పెండ్లయి ఏడాది గాలె, యాడికి పోతవ్‌ర గాడిది కొడుక అన్నడు. మల్ల తనే బస్సు కాడికి ఉరికొచ్చి మిర్చీలు కట్టిచ్చిండు." ఇంకొకడు రాశాడు. "ఈడ చాయ్ మంచిగనే ఉంటది. బేకార్ కొడక అనెటోడు లేక గొంతు దిగుతలేదు." మస్కట్‌లో ఉన్నవాడు రాసింది రెండుసార్లు చదివాను. "మా సూపర్‌వైజర్ గూడ పొద్దంత తిడ్తడు. మనకు తెల్వని భాషల తిడ్తడు. గేటు కాడి కాకా సిగ్గులేనోడా అని తిడ్తె, గాయినకు మన ఇంటి సంగతంత ఎర్కనే అని ధైర్యముంటుండె."

ప్రతి రాతలోనూ బాపు మాటలే ఉన్నాయి, ఆయన నోట్లోంచి వచ్చినవి వచ్చినట్టుగా. నేను ఆయన నోటి నుంచే ఎత్తుకొచ్చిన పట్టికతో వాటిని పోల్చి, ఒక్కో మాటకు ఒక్కో మార్కు కోసేశాను. ఎవరు ఆయన్ను ఎంత తలుచుకుంటే ఆయన్ను అంత కిందికి తోశాను. ఏడుపు వచ్చింది. నెట్ సెంటర్‌లో ఏడిస్తే బాగుండదని నవ్వాను. ఏదైతేనేం, ముఖం మాత్రం తడిసింది.

సారుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "నిజమేనమ్మా. కానీ కోపం వచ్చి తిట్టింది ఏదో, బెంగ పుట్టి తలుచుకున్న తిట్టు ఏదో మెషీన్‌కు ఎట్లా తెలుస్తుంది?" అన్నారు. రిపోర్టు చివర ఈ పనిలోని లోపాలకు ఒక పేజీ ఉంటుంది, అందులో రాయమన్నారు. రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పటికీ ఏ ఊరికి పోయినా ఫోన్ ఫలానా చోటు బాగుందంటే నేను రేటింగు చుక్కలు చూడను. కిందికి పోయి తిట్టినవాళ్లు ఏం రాశారో చదువుతాను. ఆ నమ్మకంతో పోయి చాలాసార్లు మోసపోయాను కూడా. తిట్టదగ్గ హోటళ్లు నిజంగానే ఉంటాయి మరి.

బాపుకు మాత్రం నా మాట సరిపోలేదు. "లెక్క తప్పు జేసిన బాపు, నువ్వంటే వాళ్లకు పానం" అంటే "నా మనసు కోసం చెప్తున్నవ్" అన్నాడు. ఒకసారి మర్యాదలోకి దిగిన మనిషిని పైకి లాగడం అంత సులువు కాదు. సీజన్ ముగింపుకు వచ్చింది. సేటు మళ్లీ మనిషిని పంపాడు. ఇక లాభం లేదని ఒక శుక్రవారం మధ్యాహ్నం పొయ్యి అమ్మకు అప్పజెప్పించి బాపును నెట్ సెంటర్‌కు తీసుకుపోయాను.

ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కర్టెన్ల వెనకున్న పోరలు ఆయన్ను చూసి ఒక్కొక్కరే జారుకున్నారు. వాళ్లలో సగం మంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్లే. నేను రాతలు ఒక్కొక్కటీ తెరిచి చదువుతూ పోయాను. పేరు చెప్పకముందే ఆయన మనిషిని పట్టేవాడు.

"గీడు బాల్కొండ పోరడు. కాలర్ ఎగరేసుకుంట తిరుగుతుండె. మిర్చీలకెల్లి ఉల్లిగడ్డ తీసి పక్కకు పెట్టెటోడు."

ఇంకొకటి చదివాను.

"గీడు ఏర్గట్లోడు. నాయిన సచ్చినంక యార్డుల మూటలు మోసిండు. పొద్దుగాల మన తాననే ఉప్మా తినెటోడు."

ఇంకొకటి చదివాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గీడు గూడ పోయిండా? ఎప్పుడు పోయిండు? నాకు చెప్పలే. కనవడకుంటే, ఏదో అన్నందుకు అలిగి వస్తలేడనుకున్న."

తెర మీద పేర్ల వెంట వేలు పెట్టి మెల్లగా కిందికి దించాడు. ఆ పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయనకు చదవడం రాదు, అయినా దించుతూ పోయాడు.

"పోయిన గిరాకంత ఈడనే ఉన్నది గద బిడ్డా" అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. "మరి చూసినవా? ఇగ మడిగె ఇడిసిపెట్టుడెందుకు? నీ నోటికి జడిసి ఒక్కడు పోలే" అన్నాను.

బాపు నా వైపు తిరిగాడు. "వీళ్లల్ల రేపు పొద్దుగాల చాయ్ తాగనీకె వచ్చెటోడు ఎవడు?"

తెర మీద చూశాను. దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ. ఎవరూ ఆయన మీద అలిగి పోలేదు, కానీ అందరూ పోయారు. మా హోటల్ మంచిదని నాకు చెప్పిన మనుషుల్లో ఒక్కరూ ఆర్మూర్‌లో లేరు. లెక్క సరిచేసి మాకు మొదటి ర్యాంకు ఇచ్చినా తెల్లారి బల్లలు నిండేవి కావు.

"సేటుకు చెప్పేస్త. నా నోటి వల్ల గాలేదు, గంతే సాలు" అన్నాడు. నాకు ఊరట కలగాల్సింది. కలగలేదు.

ఏదో ఒకటి చేయకుండా అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు. "ఏమన్న చెప్తవా బాపు వాళ్లకు? రాస్త" అన్నాను.

"నేను చెప్తే పోతదా?"

"గిప్పుడే పోతది. శుక్కురారం గద, అందరు కూసొనే ఉంటరు."

ఆయన తుండుతో ముఖం తుడుచుకుని, పొయ్యి ముందు నిలబడినట్టే వీపు నిటారుగా పెట్టాడు. "రాయి. గేటు కాడి కాకను చెప్తున్న. హోటల్ బంద్ జేస్తున్న. ఏడ్వకుండ్రి గాడిది కొడుకుల్లార. నాకు చెప్పకుంట పోయినోళ్లు ఉన్నరు మీల, వాళ్ల సంగతి వచ్చినంక చెప్త. చాయ్ మీద చాయ్ తాగకుండ్రి. ఇంటికి ఫోన్ జేయుండ్రి. పెండ్లాం ఏడ్సిందని ఫోన్ పెట్టేసెటోళ్లు ఎవరో నాకు తెల్సు. బేకార్ సన్నాసుల్లార, ఏడ్వనీయుండ్రి, ఇనుండ్రి." ఇన్ని రోజులు మర్యాద కింద నొక్కి పెట్టిన తిట్లన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. నెట్ సెంటర్ ఓనర్ తన గదిలోంచి తొంగి చూశాడు. నేను ఒక్క మాట వదలకుండా టైపు చేసి పంపాను.

కాసేపాగి పేజీ మళ్లీ తెరిస్తే జవాబులు వచ్చి ఉన్నాయి. "కాకా, నువ్వేనా?" అని ఒకడు. "అబద్ధం జెప్పకు, బంద్ జెయ్యకు కాకా" అని ఒకడు. కువైట్ నుంచి ఒకడు రాశాడు. "రూమోళ్లందరం ఒక్కకాడ కూసున్నం. నేను సదివి ఇనిపిస్తున్న. ఇంకిన్ని తిట్టు కాకా."

చదివి వినిపించాను. బాపు నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచాడు. అప్పుడూ రాలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"తిన్నరా అని అడుగు" అన్నాడు.

అడిగాను. అందరికంటే ముందు ఏర్గట్ల పిల్లవాడి జవాబు వచ్చింది.

"ఇంక తినలే కాకా."

బాపు చటుక్కున లేచాడు. ఎదుటివాడు తినలేదంటే కూర్చుని ఉండటం ఆయనకు చేతకాదు. లేచి, ఎటు పోవాలో తెలియక, గోడ వైపు ఒకసారి, వాకిలి వైపు ఒకసారి చూశాడు. తర్వాత మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.